రెండున్నర నక్షత్రాలు: "ప్రస్తుతానికి సరదాగానే" అనే బటన్ ఉన్న డేటింగ్ యాప్

బీమా క్లెయిమ్‌లు పరిశీలించడం నా ఉద్యోగం. రోజంతా షరతులు చదువుతాను. సంతకం పెట్టిన రోజున మనిషి ఏమని రాశాడు, ఇప్పుడు ఏమంటున్నాడు, ఆ రెండింటికీ పొంతన కుదురుతుందా లేదా అని చూడటమే పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చేస్తుంది. ఏ యాప్ వేసుకున్నా దాని నిబంధనల పేజీ చివరిదాకా చదువుతాను. "అంత చదివేదానివి, ఆ డేటింగ్ యాప్ గురించి నువ్వే రాయవే, మాకు పనికొస్తుంది" అని ఫ్రెండ్ ఒకతి పోరుపెట్టడంతో ఈ రివ్యూ.

నా వయసు ముప్పై ఏడు. విడాకులై చాలా కాలమైంది. మళ్లీ పెళ్లి చేసుకోవాలన్న తొందర లేదు, జీవితమంతా ఒంటరిగానే ఉండాలన్న పంతమూ లేదు. నాలాంటి వాళ్లకోసమే ఈ యాప్ అని దాని ప్రకటన చెప్పింది. డబ్బు కట్టి వాడాను, ఉచితంగానూ వాడాను. యాప్ పేరు మాత్రం రాయను. ఇందులో ఇద్దరు మనుషుల సంగతి వస్తుంది, వాళ్ల ప్రొఫైళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. పైగా నేను చెప్పబోయే లోపాలు ఈ ఒక్క యాప్‌లోనే ఉన్నవి కావు.

ముందుగా మెచ్చుకోవలసింది. ఖాతా తెరిచేటప్పుడే "మీరు దేనికోసం చూస్తున్నారు?" అని అడుగుతుంది. దీర్ఘకాల బంధం, ప్రస్తుతానికి సరదాగానే, కొత్త స్నేహాలు, ఇంకా తేల్చుకోలేదు, ఇలా ఎంపికలు. ఎంచుకున్నది ప్రొఫైల్ మీద చిన్న ట్యాగ్‌లా అందరికీ కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. 2012లో టిండర్ అనే డేటింగ్ యాప్ మొదలైనప్పుడు ఫొటో నచ్చిందనడం, నచ్చలేదనడమే ప్రధానం, ఎదుటి మనిషికి ఏం కావాలో చెప్పే ట్యాగ్ ఏదీ లేదు. పదేళ్ల తర్వాత, 2022లో గానీ అందులో ఇలాంటి ట్యాగ్ రాలేదు. ఆ పదేళ్లలో ఎంతమంది ఒకరు పెళ్లి అనుకుని, ఇంకొకరు ఒక సాయంత్రం అనుకుని ఎదురెదురుగా కూర్చుని ఉంటారో ఊహించుకోవచ్చు.

నేను "ప్రస్తుతానికి సరదాగానే" నొక్కాను. నొక్కేటప్పుడు ఇబ్బందేమీ అనిపించలేదు. ఇదీ చెప్పుకోవలసిన మార్పే. ఒక ఆడది ఇలాంటి మాట తన ఫొటో కింద రాసుకుని నలుగురికీ కనిపించేలా పెట్టడం మా అమ్మ తరానికి ఊహకు కూడా అందదు. అమెరికాలో గ్యాలప్ సంస్థ ఏటా ఒక ప్రశ్న అడుగుతుంది: పెళ్లికాని స్త్రీ పురుషుల మధ్య శారీరక సంబంధం నైతికంగా సమ్మతమేనా అని. 2001లో సగం మంది కంటే కాస్త ఎక్కువమంది అవునన్నారు. ఇటీవలి సంవత్సరాల్లో అది 70 శాతం దాటింది. గర్భనిరోధక మాత్రలు, ఆడవాళ్ల సొంత సంపాదన, ఆలస్యమవుతున్న పెళ్లిళ్లు, ఈ కారణాలన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. యాప్ ఈ మార్పును పుట్టించలేదు. దానికొక బటన్ పెట్టిందంతే.

ప్రొఫైల్ తయారు చేసుకోవడం సులువు. ఫొటోలు, మూడు ప్రశ్నలకు జవాబులు, ఎత్తు, అలవాట్లు. సెల్ఫీ తీసి పంపితే ఫొటోలో ఉన్నది మనమేనని సరిచూసి గుర్తు పెడతారు. ఆ గుర్తు లేని ప్రొఫైళ్లను నేను అసలు చూడను, మీరూ చూడకండి.

మనుషులను వెతకడం దగ్గరకొస్తే, నచ్చితే ఒకవైపు, నచ్చకపోతే ఇంకోవైపు. మనల్ని ఇష్టపడ్డవాళ్ల ఫొటోలు మసకగా కనిపిస్తాయి. స్పష్టంగా చూడాలంటే డబ్బు కట్టాలి. నోటిఫికేషన్లు ఒక వేళాపాళా లేకుండా వస్తాయి. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే ప్రాణి ఎక్కువసార్లు మీట నొక్కుతుందని పావురాల మీద ప్రయోగాలు చేసి స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఏనాడో చూపించాడు. ఆ లెక్కన నేను మంచి పావురాన్నే. బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా బొటనవేలు దానంతట అదే తెరమీదకు పోయేది. 2024 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజునే, కాలిఫోర్నియాలో కొందరు వినియోగదారులు మ్యాచ్ గ్రూప్ మీద దావా వేశారు. టిండర్, హింజ్ లాంటి యాప్‌లను వ్యసనమయ్యేలా కావాలనే తయారు చేశారన్నది వాళ్ల ఆరోపణ. కంపెనీ దాన్ని కొట్టిపారేసింది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు కానీ, ఆ మసక ఫొటోల పేజీ గీసిన మనిషికి తన పని బాగా తెలుసు.

ఇక అసలు సంగతి.

మొదట నాకు కుదిరిన మనిషి భూముల కొలతలు తీసే సర్వేయరు. అతని ట్యాగూ నాదీ ఒకటే. మొదటిసారి కలిసినప్పుడే మాట్లాడుకున్నాం. గురువారాలు కలుద్దాం. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వద్దు. ఇంట్లోవాళ్ల విషయాలు వద్దు. ఇంకెవరైనా నచ్చితే చెప్పేద్దాం. ఆ స్పష్టత నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నా పెళ్లిలో ఎన్నడూ అంత శుభ్రంగా మాట్లాడుకోలేదు. కొన్ని నెలలు చక్కగా గడిచాయి. అతను సరదా మనిషి. పొలాల సరిహద్దుల దగ్గర అన్నదమ్ముల తగాదాలు చెప్పి నవ్వించేవాడు. నేను దొంగ క్లెయిమ్‌ల కథలు చెప్పేదాన్ని. ఇంటి విషయాలు వద్దనుకున్నాం కదా, ఊళ్లోవాళ్ల విషయాలతోనే కాలక్షేపం.

ఆ తర్వాత నా కంటికి చిన్న ఆపరేషన్ పడింది. తోడు ఎవరైనా వస్తేనే ఇంటికి పంపిస్తాం అన్నారు ఆసుపత్రిలో. అక్క వేరే దేశంలో ఉంది, ఫ్రెండ్ ఊళ్లో లేదు. మాటల్లో ఆ సంగతి అతనికి చెప్పాను, అడగాలని చెప్పలేదు. "నేనొస్తాలే" అన్నాడు. ఆ రోజు గురువారం కాదు.

అక్కడ ఒక ఫారం ఇచ్చారు. పేరు, ఫోన్ నంబరు, రోగితో సంబంధం. నాకు ఒక కన్నే తెరిచి ఉంది, అయినా ఫారాలు చూడకుండా ఉండలేను. మొదటి రెండూ గబగబా నింపాడు. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆగి, నా వైపు చూసి, "స్నేహితుడు" అని రాశాడు. నా ఉద్యోగంలో ఆ గడి ఎన్నిసార్లు చూశానో. భర్త, తండ్రి, కూతురు అని చకచకా రాసేస్తారు జనం. అక్కడ ఆగిన మనిషిని అంతవరకు చూడలేదు. ఆ సాయంత్రం వేళకు చుక్కల మందు వేయాలని ఉండిపోయాడు. కుర్చీలోనే నిద్రపోయాడు. మర్నాడు నిబంధనల ప్రకారమే అన్నట్టు మెసేజ్ ఏమీ పెట్టకుండా వెళ్లిపోయాడు.

తర్వాత దీని గురించి చదివాను. బిడ్డ భయపడ్డప్పుడు, జబ్బుపడ్డప్పుడు, అలసిపోయినప్పుడు ఒక మనిషి కోసం వెతుక్కుంటుందని, ఆ వెతుకులాటే అనుబంధానికి మూలమని జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు చెప్పాడు. 1987లో హాజన్, షేవర్ అనే ఇద్దరు ఆ మాటను పెద్దవాళ్ల ప్రేమలకూ వర్తింపజేశారు. అంటే అనుబంధం పుట్టడానికి చేతిలో గులాబీలు అక్కర్లేదు. జ్వరం, ఆపరేషన్, దారిలో బండి చెడిపోవడం, ఇలాంటివి చాలు. ఇటు సాయం అందుకున్నవాళ్లకే కాదు, అటు చేసినవాళ్లకు కూడా పుడుతుందేమో. నా విషయంలో అలాగే జరిగింది. అటాచ్ అయ్యింది నేను కాదు, అతను.

ఆ సంగతి నాకు తెలిసిన తీరే ఈ యాప్ మీద నా మొదటి ఫిర్యాదు. చాలా వారాల తర్వాత, ఊరికే పాత సంభాషణ తెరిచి అతని ప్రొఫైల్ నొక్కితే ట్యాగ్ మారి ఉంది. "దీర్ఘకాల బంధం." ఎప్పుడు మార్చాడో యాప్ చెప్పదు. మార్చినట్టు కూడా చెప్పదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నా ఫొటోను ఇష్టపడితే అర్ధరాత్రి కూడా ఫోన్ మోగించే యాప్, నెలల తరబడి నేను కలుస్తున్న మనిషి తనకు కావలసిందే మార్చుకుంటే మాట్లాడదు.

తర్వాతి గురువారం అడిగాను.

"ప్రొఫైల్‌లో మార్చావేం?"

"మార్చి చాలా రోజులైంది. నువ్వే చూస్తావేమో అనుకున్నా."

"నోటితో చెప్పొచ్చుగా."

"చెబితే గురువారాలు కూడా పోతాయేమోనని."

దీనికి నా దగ్గర జవాబు లేదు. నాకు అంతదూరం పోవాలని లేదు, ఆ మాటే చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. "సరే, అయితే ఇక కలవకపోవడమే నాకు మంచిది" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేముంది. కానీ తర్వాత కొంతకాలం గురువారం సాయంత్రాలు ఏం చేయాలో తోచేది కాదు. ఇష్టం లేదన్న మనిషికి ఎదురుచూపు ఎందుకుండాలో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

విలార్డ్ వాలర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1938లోనే ఒక మాటన్నాడు: ఇద్దరిలో ఎవరికి ఆసక్తి తక్కువో, పగ్గాలు వాళ్ల చేతిలోనే ఉంటాయి. అప్పటికి యాప్‌లు లేవు, ఫోన్లే అందరికీ లేవు. కానీ ఆ చిన్న సూత్రం మీదే ఇప్పటి క్యాజువల్ సంబంధాల మర్యాదలన్నీ నిలబడి ఉన్నాయి. మెసేజ్‌కి వెంటనే జవాబివ్వకూడదు. "మిస్ అవుతున్నా" అనకూడదు. ముందుగా అడిగినవాడు ఓడినట్టు. ఆసక్తి తక్కువున్నట్టు కనిపించడానికి ఇద్దరూ పోటీ పడుతుంటారు. యాప్‌లో "మెరుగైన సంభాషణకు చిట్కాలు" అని ఒక పేజీ ఉంది. "తొలినాళ్లలోనే ఎక్కువ ఆశలు పెట్టుకోకండి, తేలికగా ఉంచండి" అని దాని సారాంశం. సలహాగా చూస్తే తప్పేమీ లేదు. కానీ తేలికగా ఉంచండి అని మూడేళ్ల పిల్లాడికి చెప్పినా, ముప్పై ఏడేళ్ల మనిషికి చెప్పినా పని జరగదు. మీద పడ్డ బరువు అడిగి పడదు కదా.

మా ఆఫీసులో ఇరవై నాలుగేళ్ల పిల్ల ఉంది, నాతో బాగా చనువు. భోజనం దగ్గర కూర్చుని తన సంగతులన్నీ చెబుతుంది. ఎవరితో ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి దానికి ఏ మొహమాటమూ లేదు, వినడానికి నేనే అటూ ఇటూ చూస్తుంటాను. ఒకరోజు మాత్రం గొంతు బాగా తగ్గించి, ఎవరైనా వింటున్నారేమో చూసుకుని, "అక్కా, ఎవరికీ చెప్పకండి, నాకు అతనిమీద ఫీలింగ్స్ వచ్చేశాయి" అంది. ఏదో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. "మంచిదేగా, అతనికి చెప్పు" అన్నాను. "అయ్యో, చెబితే చీప్ అయిపోతాను అక్కా. మేం క్యాజువల్ అనుకున్నాం కదా!"

ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదొక్కటే. మా అమ్మ తరం కోరికను దాచుకుంది, మమకారాన్ని బాహాటంగా చూపించింది. ఈ పిల్ల తరం కోరికను బాహాటంగా చెబుతుంది, మమకారాన్ని దాచుకుంటోంది. దాచుకోవడం పోలేదు, దాచే వస్తువు మారింది. స్వేచ్ఛ వచ్చిందని సంబరపడే వాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. ఆ పిల్లకు మా అమ్మకు లేని స్వేచ్ఛ ఉంది, అది నేను వెనక్కి ఇచ్చేయమనను, ఛస్తే అనను. కానీ గొంతు తగ్గించుకుని మాట్లాడే అంశం ఒకటి ఇంకా మిగిలే ఉంది.

ఇందులో వింత ఏమిటంటే, చాలామంది లోపల కోరుకునేది వేరు. హుకప్ సంస్కృతి, అంటే బాధ్యతల్లేని శారీరక సంబంధాల మీద వచ్చిన పరిశోధనలన్నీ కూడగట్టి 2012లో జస్టిన్ గార్సియా బృందం ఒక సమీక్షా వ్యాసం రాసింది. అందులో పేర్కొన్న ఒక అధ్యయనంలో, కాలేజీ వయసు మగవాళ్లలో 63 శాతం, ఆడవాళ్లలో 83 శాతం తమకు బాధ్యతలేని సంబంధం కంటే మామూలు ప్రేమబంధమే ఇష్టమన్నారు. అమెరికా విద్యార్థుల లెక్క అది, అందరికీ అంటగట్టలేం. కానీ ఆ మగవాళ్ల 63 శాతం చూసినప్పుడు నాకు ఆసుపత్రి కుర్చీలో నిద్రపోయిన మనిషి గుర్తొచ్చాడు. మగవాళ్లకు ఇవేవీ పట్టవన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, నేను నమ్మను.

రెండో మనిషి గురించి తక్కువే చెబుతాను. రాత్రి డ్యూటీ ల్యాబ్ టెక్నీషియన్. కలిసింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. రక్త నమూనాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. చిన్నప్పటి భయాలు, నాన్నతో పడ్డ గొడవలు, అన్నీ. ఆర్థర్ ఆరన్ 1997లో చేసిన ప్రయోగం ఒకటుంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరిని ఎదురుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలు ఒకరినొకరు అడగమంటారు. తేలిక ప్రశ్నలతో మొదలై లోతైనవాటి దాకా పోతాయి. చివరికి ఆ ఇద్దరికీ ఉబుసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కంటే ఎక్కువ దగ్గరితనం అనిపించింది. మేం ఏ ప్రశ్నాపత్రమూ లేకుండా ఆ పని చేసుకున్నాం. ట్యాగులు ఇద్దరివీ "సరదాగానే" అని ఉన్నాయి, ఉంటే ఏం.

ఒక రాత్రి ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. యాప్ తెరిస్తే అతను లేడు. అన్‌మ్యాచ్ చేశాడు, అంటే మా జోడీ తెంచేశాడు. చేయవచ్చు, అది అతని హక్కు. ఘోస్టింగ్, అంటే చెప్పాపెట్టకుండా మాయమవడం, ఇప్పుడు ఎవరికీ వింత కాదు. నన్ను కుదిపింది వేరే. అతనితో పాటు సంభాషణ మొత్తం పోయింది. నేను రాసినవి కూడా. నా వృత్తిలో ఫైలు మాయమైతే ఆ మనిషికి ఆ ప్రమాదమే జరగనట్టు లెక్క. రెండు నిమిషాలు నిజంగానే అనుమానమొచ్చింది, ఇదంతా జరిగిందా అని. ఈ సౌకర్యం ఎందుకుందో నాకు తెలుసు. వేధించేవాళ్ల నుంచి ఒక్క నొక్కుతో తప్పించుకోవడం ఆడవాళ్లకు ప్రాణావసరం, అది తీసేయమని ఎవరడిగినా నేనే ముందు అడ్డుపడతాను. కానీ వేధించినవాడే ముందుగా అన్‌మ్యాచ్ చేసి సాక్ష్యం మాయం చేస్తే? సహాయ కేంద్రానికి రాశాను. అన్‌మ్యాచ్ అయినవాళ్ల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చని జవాబొచ్చింది, దానికి సెట్టింగుల్లో లోలోపల ఒక దారి ఉంది. మర్యాదగానే రాశారు, ఆ మాత్రం చెప్పాలి. నాకు ఫిర్యాదు అక్కర్లేదు. నేను రాసిన మాటలు నాకు తిరిగి కావాలంతే. ఎదుటివాళ్ల మాటలు తీసేసి, మనం రాసినవి మనకు ఉంచడానికి సాంకేతికంగా ఏం అడ్డమో నాకు తెలియదు.

ఆఫీసు పిల్లకు చెబితే, "మీరు ఎక్కువ ఇన్వెస్ట్ అయిపోయారు అక్కా" అంది. ప్రేమగానే అంది. ఇంకా చాలా సేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

జోడీలు కుదిర్చే పద్ధతి గురించి ఒక ముక్క. ఇది కాస్త లోతైన విషయం, ఆసక్తి లేనివాళ్లు దాటేయండి. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఒక పద్ధతి కనిపెట్టారు. రెండు గుంపుల మనుషులు తమకు ఎవరు ఎక్కువ ఇష్టమో వరుసగా జాబితా ఇస్తే, ఏ ఇద్దరూ తమ జోడీలు విడిచి ఒకరితో ఒకరు పోవాలనుకోని విధంగా అందరినీ కలపవచ్చని నిరూపించారు. ఇలాంటి పనికే షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. హింజ్ యాప్ 2018లో తెచ్చిన "అత్యంత పొంతన" సూచనలు ఈ పద్ధతి మీదే నడుస్తాయి. అందమైన లెక్క. కానీ ఆ లెక్క నిలవాలంటే జాబితాలు మారకూడదు. ఎవరికి ఎవరు ఇష్టమో ముందే తేలిపోయి ఉండాలి. జీవితంలో ఆ జాబితా రాసేది కలవకముందు కాదు. గడవగా గడవగా, ఆసుపత్రి ఫారం దగ్గరో, రాత్రి ఫోన్‌లోనో అది దానంతట అదే మారిపోతుంది. రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వవేత్త 1968లో చూపించింది ఇంకా సాదా విషయం: మళ్లీ మళ్లీ కంటబడితే చాలు, ఇష్టం పెరుగుతుంది. ప్రతి గురువారం ఒకే మనిషిని చూస్తూ, ఇష్టం మాత్రం మొదటిరోజు రాసిన గీత దాటకూడదనడం నా వృత్తిలో ఒప్పుకోరు. అలాంటి షరతు పాలసీలో ఎవరైనా రాస్తే నేనే కొట్టేస్తాను, అమలు చేయలేనిది రాయకూడదని.

అలాగని యాప్‌లు పనికిరావనడానికి లేదు. అమెరికాలో 2017లో కలిసిన స్త్రీ పురుష జంటల్లో దాదాపు 39 శాతం ఆన్‌లైన్‌లోనే కలిశాయని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మైఖేల్ రోసెన్‌ఫెల్డ్ బృందం లెక్క. స్నేహితుల ద్వారా, బంధువుల ద్వారా కలిసేవాళ్లు ఆ మేరకు తగ్గారు. అంటే సరదాకని వచ్చినవాళ్లు, పెళ్లికని వచ్చినవాళ్లు అందరూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నారు. ఇంతమంది వచ్చేచోట ట్యాగ్ ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని నా వాదన.

ఏం చేయాలంటారా? తయారీదారులకు రెండే అడుగుతాను. ఒకటి, ట్యాగ్ మారిస్తే, మనం అప్పటికే కలుస్తున్నవాళ్లకు చెప్పమంటారా అని ఒక ప్రశ్న. అవునంటే "ఈ మనిషి కోరుకునేది మారింది" అని అవతలివాళ్లకు ఒక మాట. నోరు పెగలనివాళ్లకు అది సాయం. బంబుల్ యాప్ 2014లో వచ్చినప్పుడు ఆడ మగ జోడీల్లో ఆడవాళ్లే ముందు పలకరించాలన్న నియమం పెట్టి, ముందు మాట్లాడితే చిన్నతనం అన్న భయాన్ని చాలామందికి తీసేసింది. 2024లో దాన్ని కాస్త సడలించారు గానీ, ఒక్క చిన్న నియమంతో మనుషుల నడవడి మారుతుందని అప్పుడే తేలింది. రెండోది, ఎప్పటికీ వెళ్లిపోయేవాళ్ల కోసం ఒక సిద్ధ వాక్యం. "ఇక కొనసాగించాలని లేదు, మీకు మంచి జరగాలి" అని. అన్‌మ్యాచ్ పక్కనే ఉండాలి, నొక్కడం నొక్కకపోవడం వాళ్ల ఇష్టం. కొన్ని యాప్‌లలో ఇలాంటివి మొదలయ్యాయి కూడా. యంత్రం రాసిన వాక్యమే అయినా, రాకపోవడం కంటే నయం. నేను హామీ.

ఎవరు వాడొచ్చు? ఊరు కొత్తై మనుషులు కావాలనుకునేవాళ్లు, తమకేం కావాలో నోటితో చెప్పగలిగేవాళ్లు, చెప్పింది మారితే మారిందని కూడా చెప్పగలిగేవాళ్లు. బ్రేకప్ అయిన వారంలోనే గాయం మీద కట్టు కట్టుకోవడానికి వస్తే మాత్రం వద్దు. మసక ఫొటోల పేజీ మిమ్మల్ని వదలదు. మొదటిసారి కలిసేటప్పుడు నలుగురూ ఉండే చోటే కలవండి, ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి వెళ్లండి. ఎక్కడున్నామో స్నేహితులకు పంపే సౌకర్యం యాప్‌లోనే ఉంది, పనిచేస్తుంది, నేను వాడాను.

ప్రీమియం అనవసరం. మనల్ని ఎవరు ఇష్టపడ్డారో చూపిస్తుంది, మెసేజ్ చదివారో లేదో చూపిస్తుంది. రెండోది తెలియకపోవడమే నిద్రకు మంచిది. ఒక నెల కట్టి చూడాలనుకుంటే కట్టండి, ఏడాది ప్లాన్ జోలికి పోవద్దు.

రేటింగ్ ఎందుకు రెండున్నర? ట్యాగ్‌కు ఒకటి, ఫొటో సరిచూడటానికి ఒకటి, సహాయ కేంద్రం మర్యాదకు అర. మారిన మనసు గురించి నోరు మెదపనందుకు, నా మాటలు నాకు లేకుండా చేసినందుకు మిగతావి పోయాయి.

నేను ప్రస్తుతం విరామంలో ఉన్నాను. ఖాతా మూసేటప్పుడు కారణం అడిగారు: మనిషి దొరికారు, విరామం కావాలి, సాంకేతిక ఇబ్బందులు, ఇతరం. "ఇతరం" పక్కన పెట్టె చాలా చిన్నది, అందుకే ఇక్కడ రాశాను. ఆఫీసు పిల్ల అతనికి చెప్పేసిందట, జవాబు ఇంకా రాలేదట, రోజూ భోజనం దగ్గర ఇద్దరం ఫోన్ చూస్తున్నాం. ఇంకొకటి, ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా దానంతట అది ఆగిపోదు. యాప్ స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి, గడువు తేదీకి కనీసం ఒకరోజు ముందే చేసేయండి.